దగ్గు రాకముందే దిగాలె

కంపెనీ బస్సు రుద్రారం దాటేసరికి సత్తెమ్మ మళ్లీ ఓడిపోయింది. వెనక సీట్లో కళ్లు మూసుకొని కూర్చున్న ఆమె మొగుడు యాదగిరికి ఆ సంగతి చూడకుండానే తెలిసింది. ఫోను చుట్టూ మూగిన ఆడవాళ్లంతా ఒక్కసారే "అయ్యో మల్లీ" అన్నారు. ఆ వెంటనే సత్తెమ్మ దగ్గింది. లోపల ఎక్కడో ఖాళీ డబ్బాలో కంకర పోసి ఊపినట్టుండే దగ్గు అది. ఆ దగ్గు విన్నప్పుడల్లా యాదగిరికి మూటలు మోసి పట్టేసిన నడుము కన్నా ఎక్కువ నొప్పి లేస్తుంది.

బస్సు నడిపే ఐలన్న అద్దంలోంచి వెనక్కి చూశాడు. "ఏందక్కా, పొగరాజు మింగిండా?"

"నన్ను మింగెటోడు పుట్టలె గని, నా బిడ్డ కింద పడ్డది" అంది సత్తెమ్మ దగ్గు మధ్యలోంచే. "రేపు సూస్త వాని సంగతి."

బస్సంతా నవ్వింది. యాదగిరి నవ్వలేదు. రేపు కూడా ఆమె మిరప గిర్ని ఎక్కుతుందనేదే అతని దిగులు.

ఆ ఆటకు ఇంగ్లీషులో ఏదో పేరుంది, బస్సులో ఎవరూ ఆ పేరుతో పిలవరు. జంతువుల్లాంటి వింత ప్రాణులను గుడ్డు నుంచి పెంచి, దారిలో ఎదురైన వాటితో కొట్లాడించుకుంటూ కోట దాకా పోవాలి. కోట గుమ్మంలో ఆఖరివాడు కూర్చొని ఉంటాడు. కప్ప ఒళ్లు, వీపు మీద కంపెనీ చిమ్నీ లాంటి గొట్టం. వానికి పొగరాజు అని పేరు పెట్టింది సత్తెమ్మే. ఆమె పెంచినవాటికీ ఆమెవే పేర్లు. లేగదూడ ఒళ్లూ ఒంటికొమ్మూ ఉన్నది మల్లి. తాబేలు లాంటిది బండ. మూడోది తేలే కాబట్టి తేలు. చివర్లో వచ్చిన పిచ్చుకంత నీటిపిట్ట చిట్టి. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ఆవుదూడ పేరే మల్లికి పెట్టుకుంది. అందరికన్నా ముందు పుట్టింది, అందరికన్నా గట్టిగా కొట్టేదీ అదే.

ఆట ఫోనులో పెట్టింది కూతురు నిషిత. సంగారెడ్డిలో ఇంటర్ చదువుతోంది. తల్లి బస్సెక్కిందంటే కొండాపూర్ దిక్కు ఊరు దాటింది మొదలు కంపెనీ గేటు దాకా మాట్లాడుతూనే ఉండేది. ఎవరింట్లో ఏం కూర, ఎవరి కోడలు ఏమన్నది, ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడికి ఈసారి ఎవరెవరు వస్తారు, అన్నీ ఆమెకు కావాలి. దగ్గు మొదలైన తరువాత మాట్లాడితే ఊపిరి అందడం లేదు. నోరు మూసుకొని కూర్చోమంటే సత్తెమ్మ కూర్చునే మనిషి కాదు. అందుకని నిషిత ఈ ఉపాయం పన్నింది. "బాపూ, చేతులకు పని పెడితె అమ్మ నోరు జెర ఊకుంటది" అని తండ్రి చెవిలో చెప్పింది. అంతవరకు ఉపాయం పారింది. నోరు ఊరుకుంది. గిర్ని మాత్రం దిగలేదు.

సత్తెమ్మ పటాన్‌చెరు దిక్కు మసాలాల కంపెనీలో మిరపకాయలు పోసే పని చేస్తుంది. యాదగిరి అదే కంపెనీ గోదాంలో హమాలీ. అతను బడి మానేసింది చిన్నప్పుడే, మూట ఎత్తింది చిన్నప్పుడే. ఉన్న చెల్క భూమిని తమ్మునికి కౌలుకిచ్చి ఇద్దరూ ఈ బస్సెక్కారు.

ఎండుమిరప గిర్ని దగ్గర నిలబడని వాళ్లకు ఆ మంట ఎంత చెప్పినా తెలియదు. ఇనుప మెట్లెక్కి అరుగు మీద నిలబడి సంచిలోని కాయలు గిర్ని నోట్లో కుమ్మరించాలి. కాయ లోపలికి పోతుంది, ఘాటు పైకి లేస్తుంది. ముక్కులో నెయ్యి రాసుకున్నా, మూతికి తడిగుడ్డ కట్టుకున్నా, పైన మాస్కు పెట్టుకున్నా, కాసేపటికి అది దారి వెతుక్కొని లోపలికి వచ్చేస్తుంది. ముందు ముక్కు కారుతుంది. ఆ తరువాత గొంతు గీరుతుంది. ఒకసారి దగ్గు అందుకుందా, ఇక ఆ మనిషి ఆ రోజుకు దేనికీ పనికిరాదు. బయట నల్లా దగ్గర కూలబడి, కళ్లు కడుక్కుంటూ సాయంత్రం దాకా దగ్గుతూ ఉండాల్సిందే.

సత్తెమ్మ పనిలో చేరిన రోజుల్లో అక్కడ పద్ధతంటూ ఏమీ లేదు. కొత్తగా వచ్చిన ఆడమనిషిని గిర్ని మీద నిలబెట్టేవాళ్లు. ఆమె దగ్గి దగ్గి పడిపోయేదాకా దిగేది కాదు. ఆమె పడ్డాక ఇంకొకరు ఎక్కేవాళ్లు. ఇంకా నిలబడే ఓపిక ఉండగా దిగడమంటే అక్కడ సిగ్గు. ఎవరు ఎంతసేపు ఓర్చుకుంటే అంత మొనగత్తెలు. మధ్యాహ్నానికి నల్లా దగ్గర మనుషుల వరస, గిర్ని మీద ఎవరూ లేక మోటారు ఆపేయడం, సార్ల తిట్లు. ఇది రోజూ ఉండేదే.

చేరిన కొత్తలోనే సత్తెమ్మ దాన్ని మార్చింది. పడిపోయాక దిగడం కాదు, దగ్గు రాకముందే దిగాలి అన్నది ఆమె కట్టుబాటు. దిగి బయట గాలిలో నిలబడితే ఘాటు దానంతట అదే పోతుంది, మళ్లీ ఎక్కవచ్చు. దిగాల్సిన గడియ ఎట్లా తెలుస్తుందని అడిగినవాళ్లకు ఆమె ఒక గుర్తు చెప్పింది. రెండు చేతులూ సంచి పట్టుకొని ఉంటాయి కాబట్టి, ముక్కు కారడం మొదలైన మనిషి తనకు తెలియకుండానే తల వంచి ముక్కును భుజానికి రాసుకుంటుంది. అది కంటబడగానే కింద ఉన్న సత్తెమ్మ రేకు డబ్బాతో ఇనుప మెట్ల మీద కొట్టేది. టంగుమని మోగితే పైనున్నది దిగాలి, కిందున్నది ఎక్కాలి. గిర్ని హోరులో కింది నుంచి పైకి మాట వినబడదు, ఆ చప్పుడు వినబడుతుంది.

మొదట్లో ఎవరూ వినలేదు. ఇంకా ఓపికుండగా దింపితే తమను పనిదొంగలంటారని గొడవ పడ్డారు. యాదగిరి కూడా ఇంట్లో అదే మాట అన్నాడు. "నువ్వు నడిమిట్ల దిగితె భయపడ్డదంటరు" అన్నాడు. సత్తెమ్మ అన్నం కలుపుతూ, అననిమ్మంది. నెల తిరక్కుండానే నల్లా దగ్గర వరస మాయమైంది. మోటారు ఆగడం మానేసింది. ఆ తరువాత ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. గోదాంలో వీపు మీద నుంచి మూట దించుతూ ఆ టంగుమనే చప్పుడు విన్నప్పుడల్లా యాదగిరికి ఛాతీ కొంచెం విచ్చుకునేది. అది నా పెండ్లాం కొట్టింది అని పక్క హమాలీకి చెప్పాలనిపించేది. చాలాసార్లు చెప్పాడు కూడా.

ఒక్క చిక్కే మిగిలిపోయింది. అందరికీ డబ్బా కొట్టే సత్తెమ్మకు డబ్బా కొట్టేవాళ్లు లేరు. ఎవరైనా రాకపోతే ఆ వంతు కూడా తనే ఎక్కేది. ఒంట్లో బాగాలేని పడుచు పిల్లల వంతులూ తనవే. నేను పాతదాన్ని, నాకేం కాదు అనేది. పాతదానికి కూడా ఊపిరితిత్తులు ఉంటాయని సంగారెడ్డి ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పేదాకా ఆమె ఒప్పుకోలేదు. చెప్పాక కూడా ఒప్పుకోలేదు. డాక్టరమ్మ మాట సూటిగా ఉంది: పని చేసుకోవచ్చు, మిరప మాత్రం వదిలేయాలి. పోయిన ఊపిరి తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి.

ప్యాకింగులో సూపర్‌వైజరు కమలాకుమారి. కోస్తా నుంచి వచ్చి బీరంగూడలో స్థిరపడ్డ మనిషి. సత్తెమ్మ అంటే ఆమెకు గౌరవం. ధనియాలు చెరిగే దగ్గర ఒక చోటు ఖాళీ అయిందని తెలియగానే తనే వచ్చి చెప్పింది. "సోమవారం దాకా ఆపుతానండీ. ఆ తరవాత కొత్తవాళ్లను పంపిస్తారు, నా చేతిలో ఉండదు. వచ్చెయ్యండి సత్తెమ్మగారూ, మీ మంచికే చెబుతున్నా."

నేనొస్తే ఇక్కడ పిల్లల వంతులు ఎవరు చూస్తరని సత్తెమ్మ ఎదురు అడిగింది. ఆ ప్రశ్న దగ్గరే మాట ఆగిపోయింది. యాదగిరి ఇంట్లో అడిగాడు, బతిమాలాడు, ఒక పూట అన్నం మీద అలిగాడు. ఆమె ఆ అన్నం గిన్నె మీద మూత పెట్టి, ఆకలైతే తింటావులే అని పోయి పడుకుంది. ఆ వారమే బస్సులో పొగరాజు ఎదురయ్యాడు.

వాడు మామూలోడు కాదు. ముందరివాళ్లందరినీ మల్లి కొమ్ముతోనే పొడిపించి దాటిన సత్తెమ్మకు వాని దగ్గర కాలూ చెయ్యీ ఆడలేదు. వాని దెబ్బ ఒక ఎత్తు, వాని పొగ ఒక ఎత్తు. ఎదురుగా నిలబడ్డ ప్రాణి మీద ప్రతి దెబ్బకూ కొంచెం కొంచెం పొగ పేరుకుంటుంది. పొగ నిండితే ఆ ప్రాణి తల వాల్చి కూలిపోతుంది, ఎంత బలమున్నా సరే. పైగా ఈ కోట దగ్గర పదే పదే కూలితే ఆ ప్రాణి ఇక లేవదు. దానికిచ్చిన గుండె గుర్తులు అరిగిపోయి ఆట నుంచే పోతుంది. మల్లికి ఆ గుర్తులు ఒక్కొక్కటే పోసాగాయి.

బస్సులో తలా ఒక సలహా. మల్లిని తీసేసి కొత్తగా సింహం గుడ్డు పొదిగించమన్నారు. నిషిత ఫోనులో వెతికి, గెలిచినవాళ్లు ఏం చేశారో చదివి చెప్పింది. పొగరాజు మొదటి దెబ్బ అన్నిటికన్నా పెద్దదట, దానికి మల్లి లాంటి ముసలిదాన్ని ఎరగా ముందుకు తోసి, అది కూలాక మిగతావాటితో కొట్టాలట.

సత్తెమ్మ మొహం ఎర్రబడింది. "పెంచినదాన్ని ముందటికి తోలి సంపుకుంటరానే? ఇదేం గెలుపు?"

"అది బొమ్మ అమ్మా."

"బొమ్మనే. తెలుసు నాకు."

ఎవరి మాటా వినకుండా ఆమె తన దారిలో వాణ్ణి చదవడం మొదలుపెట్టింది. యాదగిరి పక్కన కూర్చొని చూసేవాడు. ముందు రెండు మూడు ఆటలు గెలవాలని ఆడనే లేదు ఆమె. బండను ముందు పెట్టి, వాడు ఏం చేస్తాడో ఊరికే చూసింది. ఇంట్లో కొత్త కోడలు వస్తే అత్త చూసే చూపు అది. పెద్ద పొగ వదిలేముందు వాని పొట్ట ఉబ్బుతుందని పట్టుకుంది. పొట్ట ఉబ్బినప్పుడు ఎవరినీ కొట్టనివ్వకూడదు, బండను నిలబెట్టి డొప్పలోకి ముడుచుకోమనాలి. పొగ వదిలాక వాడు కాసేపు రొప్పుతాడు. అప్పుడు కొట్టాలి. మొదట్లోనే మల్లిని దింపి బలమంతా ఖర్చు చేయడం తప్పని కూడా తెలిసింది. ముందు తేలుతో కుట్టిస్తే విషం వాని ఒంట్లో నెమ్మదిగా దిగుతూ ఉంటుంది. ఆ తరువాత బండతో బురద చల్లిస్తే వాని దెబ్బలు ఆలస్యమవుతాయి. ఇంత చేశాక మల్లిని దింపితే ఒక్కో పోటూ రెండింతలు తగిలేది. వాని ప్రాణం గీత సగానికి పడిపోయేది, ఒక రోజు సగం కన్నా కిందికి కూడా పోయింది. అన్నీ ఆమె ఒక్కతే పట్టుకుంది. యాదగిరికి ఆశ్చర్యం వేసేది. ఇదే మనిషి గిర్ని దగ్గర ముక్కులనూ భుజాలనూ చదివిన మనిషి కదా అనుకునేవాడు.

అయినా చివర్లో మల్లి కూలేది. మల్లి కూలితే మిగతావి నిలబడలేవు. రుద్రారం దగ్గర ఆ రోజూ జరిగింది అదే. మల్లికి ఇక ఆఖరి గుండె గుర్తే మిగిలింది.

మరునాడు పొద్దున బస్సులో ఇంద్రజ వచ్చి సత్తెమ్మ పక్కన కూర్చుంది. ఆమెది సంగారెడ్డి, గిర్ని మీద అందరికన్నా కొత్తది, పెళ్లయి ఏడాది కాలేదు. నోట్లో మాట దాచుకునే అలవాటు లేదు.

"అక్కా, ఒకటి అడుగుత, తిట్టొద్దు."

"తిట్టేటిదుంటె తిడ్త. అడుగు."

"బండను మారుస్తవు, తేలును మారుస్తవు. మల్లిని ఎందుకు మారుస్తలేవు? పొగ నెత్తిదాక వచ్చినా దాన్నే నిలబెడ్తవు."

"అది పెద్దది. ఓర్సుకుంటది" అంది సత్తెమ్మ.

"ఓర్సుకుంటలేదక్కా. రోజు పడుతనే ఉన్నది. మాకైతె దగ్గు రాకముందే దిగుమంటవు."

ఐలన్న అద్దంలోంచి చూపు తిప్పేసుకున్నాడు. సత్తెమ్మ ఫోను సంచిలో పడేసి కిటికీ వైపు తిరిగింది. ఆ రోజు కంపెనీ గేటు దాకా ఆమె ఆడలేదు. గిర్ని దగ్గర ఇంద్రజ వంతు అయిపోయాక ఎప్పటికన్నా గట్టిగా డబ్బా కొట్టింది. సాయంత్రం బస్సులో ముందు సీటుకు మారి కూర్చుంది.

యాదగిరికి ఆ పిల్ల మీద మొదట కోపం వచ్చింది. ఆ తరువాత సిగ్గేసింది. తను ఇన్నాళ్లూ బతిమాలడానికీ అలగడానికీ వాడుకున్న మాటలన్నీ కలిపినా ఈ ఒక్క మాటకు సాటి రావు. ఇంట్లో ఆ సంగతి ఎత్తుదామని నోటిదాకా తెచ్చుకొని మింగేశాడు. సత్తెమ్మకు ఏదైనా తగిలిందంటే అది దిగేదాకా ముట్టకూడదు. అంతమాత్రం అతనికి తెలుసు.

శనివారం సాయంత్రం ఇస్నాపూర్ దగ్గర లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయి దారి మూసుకుపోయింది. ముందూ వెనకా బండ్లే. ఐలన్న ఇంజను ఆపేసి స్టీరింగు మీద మోచేతులు పెట్టుకున్నాడు. చెమటా మిరపఘాటూ కలిసిన గాలి బస్సులో నిలిచిపోయింది. అప్పుడు సత్తెమ్మ సంచిలోంచి ఫోను తీసింది. ఎవరినీ చూడకుండా, "ఇంద్రజా, ఇటు రా" అని పిలిచి పక్కన చోటిచ్చింది.

ఆడవాళ్లు మెల్లగా మూగారు. యాదగిరి సీటు పట్టుకొని వాళ్ల తలల మీదుగా చూశాడు.

మొదట తేలు దిగింది, కుట్టింది, వెనక్కి వచ్చింది. బండ బురద చల్లింది. పొగరాజు పొట్ట ఉబ్బింది, బండ ముడుచుకుంది, పొగంతా డొప్ప మీద నుంచి పోయింది. వాడు రొప్పుతుండగా మల్లి దిగింది. ఒక పోటు. ఇంకొక పోటు. ప్రాణం గీత సరసరా దిగుతోంది. మల్లి మెడ దాకా పొగ పట్టింది. అప్పుడు మల్లి తల కొంచెం వంచింది. పూర్తిగా వాల్చలేదు, కొంచెమే. ఇంకొక పోటు పొడిచే సత్తువ దానికి ఇంకా ఉంది. అది అందరికీ కనబడుతోంది. "కొట్టక్కా" అన్నారెవరో.

సత్తెమ్మ వేలు గాలిలో ఆగింది. తరువాత ఆమె వేలు పక్కకు జరిగి మల్లిని వెనక్కి పిలిచింది.

బస్సంతా ఉసూరుమంది. ఒకదాన్ని మార్చినప్పుడు మన దెబ్బ ఊరికే పోతుంది, వాని దెబ్బ మాత్రం పడుతుంది. మల్లి బదులు వచ్చిన బండ ఆ దెబ్బ తిన్నది. తిన్నా నిలబడింది. అక్కడి నుంచి ఆట తీరే మారిపోయింది. ఎవరి తల వంగితే వాళ్లు వెనక్కి, ఇంకొకరు ముందుకు. వెనక్కి వచ్చినవాటి ఒంటి మీద పొగ నెమ్మదిగా కరిగిపోవడం మొదటిసారి చూశారు అందరూ. ఇన్నాళ్లూ మల్లిని కూలేదాకా ఉంచడం, అందరి కళ్లూ దాని మీదే ఉండడం వల్ల పొగ కరుగుతుందని ఎవరికీ తెలియనే లేదు. మల్లి మళ్లీ దిగింది, పొడిచింది, మళ్లీ తల వంచకముందే వెనక్కి వచ్చింది.

వాని ప్రాణం గీత దారమంత మిగిలాక పొగరాజు కళ్లు ఎర్రబడ్డాయి. ఇక రొప్పడం లేదు, ఆగడం లేదు. బండ డొప్ప పగిలింది. తేలు మీద మెడ దాకా పొగ. మల్లికి సగం కరిగింది, సగం ఉంది.

"ఇగ మల్లిని దింపక్కా. ఒక్క పోటుకు పడ్తడు" అంది ఇంద్రజే.

"పడకపోతె?"

ఇంద్రజ మల్లి గుండె గుర్తు వైపు చూసింది.

"అది చేసేటిది చేసింది" అంది సత్తెమ్మ. "ఇగ కూసోనీ."

చిట్టిని దింపింది. పిచ్చుకంత పిట్టను అంత పెద్ద కప్ప ముందు చూసి వెనక ఎవరో నవ్వారు. ఇన్ని రోజుల ఆటలో చిట్టిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కానీ దాని ఒంటి మీద పొగ మచ్చ కూడా లేదు. పొగరాజు దెబ్బకు కింద పడి, దొర్లి, లేచింది. రెక్కలు దులుపుకొని ముక్కుతో ఇంత నీళ్లు చిమ్మింది. తేలు విషం లోపల అప్పటికే పని చేస్తూ ఉండాలి. పొగరాజు నోరు తెరిచి, కళ్లు తేలేసి, చిమ్నీతో సహా వెనక్కి పడ్డాడు. కోట తలుపులు తెరుచుకున్నాయి.

బస్సు కప్పు లేచిపోయేంత గోల. ఆ గోలలో సత్తెమ్మ తన నాలుగు ప్రాణులనూ ఒక్కొక్కదాన్నీ వేలితో ముట్టి చూసుకుంది. అన్నీ నిలబడే ఉన్నాయి. మల్లి ఆఖరి గుండె గుర్తు ఎర్రగా అట్లాగే ఉంది.

వెనక నుంచి లారీల హారన్లు మోగుతున్నాయి. దారి ఎప్పుడో తెరుచుకుంది. ఐలన్న మాత్రం సీట్లోంచి పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చొని ఉన్నాడు. "ఉమ్మితె సచ్చిండక్కా. ఇంత కథ పడి, ఆఖరుకు ఉమ్మితె సచ్చిండు" అని నవ్వుతూ బండి తీశాడు.

ఇక ఆమె మారుతుందని యాదగిరి ఆదివారమంతా ఎదురుచూశాడు. ఆమె బట్టలు ఉతికింది, పచ్చిపులుసు చేసింది, నిషితకు ఆట మొత్తం మొదటి నుంచి చెప్పి దగ్గు తెచ్చుకుంది. ధనియాల మాట రాలేదు. సోమవారం పొద్దున ఎప్పటిలాగే మూతికి కట్టుకునే గుడ్డ ఉతికి మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ గుడ్డ చూసి యాదగిరి మనసు చచ్చిపోయింది. కమలాకుమారి ఆపుతానన్నది ఈ రోజు దాకానే.

ఆ రోజు గిర్ని దగ్గర ఒక మనిషి రాలేదు. ఆ వంతు ఎవరిదో అడగాల్సిన పని లేదు. యాదగిరి మూట వీపు మీద వేసుకొని షెడ్డులోకి వచ్చేసరికి సత్తెమ్మ పైన ఉంది. తన వంతు అయిపోయి, రానిదాని వంతు మొదలుపెట్టింది అప్పటికే. చేతులు సంచిని కుమ్మరిస్తున్నాయి. ఎర్రటి దుమ్ములో ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది. యాదగిరి మూట దించకుండా అట్లాగే నిలబడ్డాడు.

సత్తెమ్మ తల వంచి ముక్కును భుజానికి రాసుకుంది.

మెట్ల కింద ఇంద్రజ నిలబడి ఉంది. రేకు డబ్బా ఆమె కాళ్ల దగ్గరే ఉంది. ఆమె ఒకసారి యాదగిరి వైపు చూసింది. అతను ఏ సైగా చేయలేదు, చేయడానికి ధైర్యం చాలలేదు. ఇంద్రజ వంగి డబ్బా తీసుకొని మెట్ల మీద కొట్టింది.

పైన సత్తెమ్మ అటూ ఇటూ చూసింది. ఎవరిని దిగమంటున్నారో అని చూసినట్టుంది. అరుగు మీద తను తప్ప ఎవరూ లేరు. ఇంద్రజ మళ్లీ కొట్టింది. ఈసారి డబ్బా అంచు మాత్రమే తగిలి చప్పుడు సగమే వచ్చింది.

సత్తెమ్మ సంచి కింద పెట్టింది. మెట్లు పట్టుకొని ఒక్కొక్కటే దిగింది. కిందికి వచ్చి మూతిగుడ్డ విప్పి, ఇంద్రజ చేతిలోని డబ్బాను ఒకసారి చూసింది.

"జెర గట్టిగ కొట్టాలె" అంది. "గిర్ని సప్పుడుల ఇనబడలె."

ఇంద్రజ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మిరపఘాటు అని చెప్పుకోవడానికి అక్కడ ఎప్పుడూ వీలుంటుంది. సత్తెమ్మ డబ్బాను ఆమె చేతిలోంచి తీసుకోలేదు. ఎవరి ముక్కు తొందరగా కారుతుందో, ఎవరు దాచుకుంటారో, ఎవరిని రెండోసారి ఎక్కనివ్వకూడదో అక్కడే నిలబడి చెప్పింది. చెప్పడం అయ్యాక నల్లా దగ్గర మొహం, మోచేతులు కడుక్కొని నేరుగా ప్యాకింగు వైపు నడిచింది. కమలాకుమారి గాజు తలుపు తీసేలోపే, "ధనియాలు ఏడున్నయి మేడం?" అని అడగడం తెలియకుండానే వెంట నడిచిన యాదగిరికి వినబడింది. మూట ఇంకా వీపు మీదే ఉందని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. దించి, దాని మీదే కాసేపు కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నావని పక్క హమాలీ అడిగితే నడుము అన్నాడు.

సాయంత్రం బస్సులో సత్తెమ్మ పక్కన కూర్చుంటే ధనియాల వాసన వచ్చింది. పెళ్లయిన కొత్తలో తప్ప ఆమె పక్కన ఇంత సుఖంగా ఊపిరి పీల్చుకున్నట్టు అతనికి గుర్తు లేదు. దగ్గు పోలేదు. అంత తొందరగా పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. కానీ ముత్తంగి దాటేసరికి ఆమె కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఫోను యాదగిరి చేతిలో పెట్టి, మొదటి దారిలో కోళ్లలాంటివి ఉంటాయి, వాటితో ఆడుకో, నా మల్లి మాత్రం భద్రం అంది.

యాదగిరి రెండు చేతులతో ఫోను పట్టుకున్నాడు. కోడిలాంటిది ఎదురుగా వచ్చి కూసింది. భయపడి మల్లిని వెనక్కి పిలిచి బండను దింపాడు. కోడి పొడిచింది. బండను పిలిచి తేలును దింపాడు. అది మళ్లీ పొడిచింది. తేలును పిలిచి చిట్టిని దింపాడు. వెనక సీట్లోంచి ఇంద్రజ తొంగి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముందు నుంచి ఐలన్న, "ఏమాయె యాదన్నా, కోడి మింగిందా?" అన్నాడు.

సత్తెమ్మ కళ్లు తెరవకుండానే మొగుడి మోకాలు తట్టింది.

"దింపుడే గాదయ్యా" అంది. "నడుమ నడుమ జెర కొట్టాలె గూడ."